నేను గొంతు పెంచిన రోజు

మాది కొత్తపేట దగ్గర ఒకప్పుడు బాగా బతికిన కుటుంబం. భూములు పోయాయి, మండువా లోగిలీ పోయింది. పరాయి ఆడవాళ్ళ ముందు గొంతు పెంచకూడదన్న మర్యాద మాత్రం నా దగ్గర మిగిలింది.

నిరుడు మా పసి మనవరాలికి టీకా వేయించి తెచ్చిన రోజది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఏం చెయ్యాలో తోచక కొడుకు, కోడలు బెంబేలెత్తిపోయారు.

“మాడుకి ఆముదం పెట్టండి. మా ఇంట్లో తరతరాలుగా అదే” అన్నాను.

రాజోలు నుంచి వచ్చిన మా వియ్యపురాలు అడ్డుపడ్డారు. “ఆముదమా అన్నయ్యగారూ! జలుబు చేసేస్తాదండి. కోనసీమలో ఉండి కొబ్బరినూనె వదిలేస్తామా?”

“మా తాతగారు ఆముదంతోనే పెరిగారమ్మా!”

“ఆయ్, అందుకే కాబోలండి, మీ వంశంలో అందరికీ బట్టతల!”

నాకు ఒళ్ళు మండింది. గొంతు లేచింది. ఆవిడ గొంతూ లేచింది. అంతలో పిల్ల ఏడుపు ఆగి, కళ్ళు మూతలు పడసాగాయి. నేను సిగ్గుపడి నోరు మూశాను. వెంటనే మళ్ళీ కేరుమంది.

కోడలు చేతులు జోడించింది. “ఆపకండి మామయ్యగారూ! మీకు పుణ్యముంటుంది, ఇంకాసేపు దెబ్బలాడుకోండి!”

కండువా సర్దుకుని, వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేలా “ఆముదమే!” అని అరిచాను. “కొబ్బరినూనే!” అన్నారావిడ నవ్వాపుకుంటూ. ఏ నూనే పెట్టకుండానే పిల్ల హాయిగా నిద్రపోయింది.

ఇప్పటికీ అది పేచీ పెడితే రాజోలుకి ఫోన్ చేసి స్పీకర్ పెడతాను. మిగిలిన ఆ ఒక్క మర్యాదా అలా పోయింది. మా ఇంట్లో పోయినవాటిలో నేను విచారించనిది అదొక్కటే.