రొయ్యల హ్యాచరీలో అనుమతి అడిగే కంప్యూటరు

కరోనాకు ముందు ఏడాది వేసవిలో, నెల్లూరులో ఒక కంప్యూటర్ల సర్వీసు కంపెనీలో ఫీల్డ్ ఇంజనీరుగా ఉండగా, కావలి దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న రొయ్యల హ్యాచరీకి నన్ను పంపారు. అక్కడ ఒక్క మధ్యాహ్నంలో కోటి ప్రాణాలు కాపాడాను. సరే, కనురెప్ప వెంట్రుకంత రొయ్య పిల్లలే. కోటి అన్నది కూడా నేను లెక్కపెట్టి చెప్పింది కాదు.

ట్యాంకుల నీళ్లలోకి గాలి కొట్టే యంత్రాన్ని బ్లోయర్ అంటారు. అది ఆగితే కంప్యూటరులోని ప్రోగ్రాం సైరన్ మోగించాలి. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా, ఆ ప్రోగ్రాం మొదలయ్యే ముందు తెర మసకబారి, దీన్ని నడవనివ్వమంటారా అని ఒక పెట్టె వచ్చేది. ఎవరూ నొక్కకపోతే కాసేపటికి వద్దన్నట్టే లెక్క. అలా బ్లోయర్ ఆగినా సైరన్ మోగక అప్పటికే ఒక ట్యాంకు పిల్లలు చచ్చిపోయాయి. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదని మేనేజరు పెంచలయ్యకు ఓనరు చెప్పేశాడు.

"ఆ అడగడమే మాన్పించేయండి సార్. అడిగేవాళ్లు నాకు ఇంట్లో చాలినంత మంది ఉండారు" అన్నాడు పెంచలయ్య.

సెట్టింగుల్లో దానికి నాలుగు మెట్ల మీట ఉంటుంది. అడుక్కి లాగితే కంప్యూటరు ఇక దేన్నీ ఆపి అడగదు. సిబ్బంది సినిమాల పెన్‌డ్రైవులో వచ్చిన వైరస్‌ను కూడా.

"రొయ్యలకు రోగాలు రాకుండా గేటు దగ్గర అందరి కాళ్లూ మందు నీళ్లలో ముంచిస్తారు గదా, ఆ తొట్టి తీసేస్తారా?" అని అడిగి ఆయన నోరు మూయించానని చాలామందికి చెప్పాను. నిజానికి ఆ మాట నాకు తిరుగు బస్సులో తట్టింది. అక్కడ నేనన్నది, మా కంపెనీ రూల్సు ఒప్పుకోవని. అలాంటి రూలేదీ లేదు.

"రూల్సు మీకు, ఇంటికి పోయేది నేనా?" అన్నాడాయన.

మీటను కదపలేదు. ఏ ప్రోగ్రాం ఎప్పుడు నడవాలో ముందుగా చెప్పిపెట్టే టాస్క్ షెడ్యూలర్‌లో, ఆ ఒక్కదానికి మాత్రం అడ్మినిస్ట్రేటరు హోదా ఇచ్చి, అడగకుండా మొదలయ్యేలా పెట్టాను. తర్వాత కరెంటు మెయిన్ స్విచ్ ఆపి, మళ్లీ వేయించాను. పెంచలయ్య కుర్చీ అంచున కూర్చుని తెరనే చూస్తున్నాడు. మసకబారలేదు. ఒక్క నిమిషం బ్లోయర్ ఆపించాను. సైరన్ మోతకు వంటామె గరిటెతో సహా బయటికి వచ్చింది.

పెంచలయ్య ఓనరుకు ఫోన్ కలిపి, దాన్ని సైరన్ వైపు పెట్టాడు. "వినండి సార్, మోగతా ఉండాది! ఇంజినీరు సారు చేసేసినాడు!"

కంప్యూటరు మరీ ఎక్కువగా అడుగుతోందని ఎవరైనా అంటే, అడగడం ఆపే ముందు ఏ ప్రోగ్రాం కోసం అడుగుతోందో చూడాలి. నేను చూసినంతలో, చాలాసార్లు అలాంటి ప్రోగ్రాం ఒక్కటే ఉంటుంది.