బుచ్చమ్మ రెండోసారి దిగిన ఫోటో

యాకుత్‌పురా స్టేషన్ దగ్గర వైకుంఠమన్న స్టూడియోలో నేను పదకొండేళ్లు టచింగ్ పని చేశాను. టచింగ్ అంటే నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో, బ్లేడు మొనతో జనం ముఖాలు బాగుచేయడం. ముసలివాళ్ల ముడతలు, పెళ్లికొడుకుల మొటిమలు, అమ్మవారు పోసిన మచ్చలు, అన్నీ నా చేతిలో మాయమయ్యేవి. మలక్‌పేట నుంచి కూడా నా కోసం వచ్చేవాళ్లు. నాకు బోలెడు గర్వం, ఆ గర్వానికి తగ్గ నోరూ ఉండేవి.

వైకుంఠమన్నకు నోరే లేదు. పొట్టి మనిషి, ఎప్పుడూ అదే ఖాకీ చొక్కా. ఫోటో దిగడానికి వచ్చినవాళ్లకు ముందు చాయ్ తెప్పించేవాడు. వాళ్లు తాగుతుంటే నిమ్మకు నీరెత్తినట్టు ఎదురుగా కూర్చుని వాళ్ల చేతులు చూసేవాడు. "ముఖం మనం చెప్పినట్టు ఇంటది శేఖర్, చేతులు ఇనయి" అని ఒకసారి అన్నాడు. అవతల గిరాకీ వెళ్లిపోతుంటే ఈ చాయ్ పురాణమేమిటని నేను విసుక్కునేవాణ్ని.

డెబ్భై నాలుగులో ఒక శనివారం బుచ్చమ్మ వచ్చింది. మా గల్లీలో బర్రెలు పెట్టుకుని పాలు పోసే మనిషి. వయసు యాభై దాటినా ఒక్క ఫోటో దిగి ఎరగదు. గొంతులో గడ్డ లేచింది, సోమవారం ఆసుపత్రిలో చేరాలి, కోస్తారట. తిరిగి వస్తానో రానో, ఒక్క ఫోటో అయినా ఉండాలంది. ముఖం నిండా అమ్మవారి మచ్చలు. చాయ్ తాగినంతసేపూ ఎడమ చెంప మీద ఒక గుంటను వేలితో తడుముతూనే ఉంది. సరిగ్గా ఆ వేలు చెంప మీదికి లేచినప్పుడే వైకుంఠమన్న కెమెరాకు తగిలించిన రబ్బరు బల్బు నొక్కాడు. పాపం ఆమె మచ్చ దాచుకుంటుంటే ఈయన చూసుకోకుండా నొక్కేశాడు అనుకున్నాను.

అన్న భోజనానికి వెళ్లగానే ఆ నెగెటివ్ ముందేసుకున్నాను. మచ్చల ముఖం ఉన్నదున్నట్టు ఇస్తే ఆ రోజుల్లో స్టూడియోకే పరువు తక్కువ. పైగా ఆపరేషన్‌కు పోతున్న మనిషి కదా అని మనసు పెట్టి చేశాను. గుంటలన్నీ పెన్సిల్‌తో నింపాను, అంచులు బ్లేడుతో గీకాను.

ఆదివారం పొద్దున బుచ్చమ్మ ఫోటోను చాలాసేపు చూసింది. "గీమె ఎవరు బిడ్డా?" అని అడిగింది.

"నువ్వే అత్తా. మచ్చలన్నీ తీసేసిన" అన్నాను, మెచ్చుకుంటుందని.

ఆమె బల్ల మీద కూలబడి మెల్లగా చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్ల కింద ఆమె నాలుగేళ్ల కొడుక్కు అమ్మవారు పోసిందట. ఇంట్లోవాళ్లంతా భయపడి దూరం జరిగితే, ఈమె చెంపకు చెంప ఆనించి వాణ్ని పట్టుకుని పడుకుందట. తొమ్మిదో రోజున వాడు పోయాడు. తర్వాత ఈమెకు పోసింది, బతికింది. వాడి చొక్కాలు కూడా కాల్చేశారు.

"వాడిచ్చినయి గివే ఉన్నయి నా దగ్గర" అంది చెంప చూపిస్తూ. "గివి తీసేస్తే వాడు ఏడున్నట్టు?"

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది నా పని. పెన్సిల్ గీతలు కడిగితే పోతాయి, బ్లేడుతో గీకింది మాత్రం తిరిగి రాదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అన్న నన్ను తిట్టినా బాగుండేది. మళ్లీ చాయ్ తెప్పించాడు.

ఈసారి కెమెరా ముందు బుచ్చమ్మ బిగుసుకుపోయింది. లోపలి మాట బయటపెట్టేసరికి ఆమెకు ముఖం చెల్లడం లేదు. చేతులు రెండూ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. మబ్బు పట్టి, పైకప్పు అద్దంలోంచి వచ్చే వెలుతురు తగ్గిపోతోంది. ఎట్లాగో ఒకటి నొక్కెయ్యి అన్నా అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను. అన్న మాత్రం బల్బు పట్టుకుని అరగంట కదలకుండా నిలబడ్డాడు. చివరికి మెల్లగా అడిగాడు.

"పిలగాని పేరేందక్కా?"

ఆమె "రాజన్న" అంది. ఆ పేరు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నోట పలకలేదని ఆపరేషన్ అయి తిరిగొచ్చాక నాతో చెప్పింది. పేరుతో పాటే చెయ్యి దానంతటదే చెంప మీదికి లేచింది. అన్న నొక్కాడు.

చీకటి గదిలో ఎర్ర బల్బు కింద, మందు నీళ్ల పళ్లెంలో కాగితం మీద ముందు కళ్లు తేలాయి. తర్వాత మచ్చలు ఒక్కొక్కటే వచ్చాయి. అది ఏడుపు ముఖం కాదు. పిల్లవాణ్ని నిద్రపుచ్చి, కదిలితే లేస్తాడేమోనని చూస్తున్న తల్లి ముఖం. పదకొండేళ్లలో నేను వేల ముఖాలు దిద్దాను, మనిషిని చూసింది ఆ రోజే. ఒక్క చాయ్ తాగేలోపు ఈ పొట్టి మనిషికి ఇదంతా ఎట్లా కనబడిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ పళ్లెం ముందు నిలబడి ఏడ్చేశాను.

తడి ఆరకముందే ఫోటో ఆమె చేతిలో పెట్టాను. ఈసారి వేలు ఆమె తన చెంప మీద పెట్టుకోలేదు. ఫోటోలోని చెంప మీద, ఆ గుంట మీద ఆనించింది.

"ఉన్నడు" అంది.