రష్యన్ ప్రతిలో లేని నాలుగు వాక్యాలు

నాలుగు వాక్యాలు ఎంత బరువుంటాయి? నలభై ఏళ్లుగా మోస్తున్నాను కాబట్టి నాకు తెలుసు. మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల మొదట్లో నేను భిలాయ్ ఉక్కు కర్మాగారంలో దుబాసీని. రష్యన్ నిపుణులకూ మన ఇంజనీర్లకూ మధ్య కూర్చుని, ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేయడం నా ఉద్యోగం. విజయనగరం పిల్లకు రష్యన్ ఎలా వచ్చిందా అని అందరూ వింతగా చూసేవారు. నాకూ గర్వంగానే ఉండేది. ఆ గర్వం సంగతి ముందే చెప్పేస్తున్నాను, తరువాత పనికొస్తుంది.

సెక్టర్ 7లో మా పక్క క్వార్టర్ సూర్యనారాయణగారిది. లేబొరేటరీలో ఇంజనీరు, మావైపు మనిషే. నన్ను చెల్లీ అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. ఆంద్రేయ్ అనే రష్యన్ నిపుణుడు ఆదివారాలు వాళ్లింటికి వచ్చేవాడు. అన్నయ్యకు రష్యన్ రాదు, ఆంద్రేయ్‌కి ఇంగ్లీషు రాదు. అయినా గంటల తరబడి క్యారమ్స్ ఆడేవారు. ముఖ్యమైన మాటేదైనా వస్తే గోడ మీంచి నన్ను కేకేసేవారు. వాళ్లిద్దరికీ కలిపి నాదొక్కటే నోరు.

అన్నయ్యకు ఒకటే పట్టు. సైన్యానికి కావలసిన మందపాటి ఉక్కు పలకలు మన పద్ధతిలో, మన చేతులతోనే చేసి చూడాలని. పట్టాలూ దూలాలూ చేయడం రష్యన్లు నేర్పారు, సంతోషం. రక్షణకు కూడా వాళ్ల డ్రాయింగుల మీదే ఆధారపడితే, రేపు స్నేహం చెడిననాడు ఏం చేస్తాం? ఆంద్రేయ్ ఇది విని నవ్వలేదు. రాతలో పెట్టమన్నాడు, కింద తనూ సంతకం చేస్తానన్నాడు. ఆ మాట అన్నయ్యకు తెలుగులో చెప్పింది నేనే.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. రెండు పక్షాల సమావేశం ముగిశాక తీర్మానాలను ఇంగ్లీషులో మనకొక ప్రతి, రష్యన్‌లో వాళ్లకొక ప్రతి టైపు చేసేవాళ్లం. ఎవరికైనా వేరే అభిప్రాయం ఉంటే చివర రాసి సంతకం పెట్టవచ్చు. రాశారంటే అవతలివాళ్లు కూడా రాతలోనే జవాబివ్వాలి. అన్నయ్య ఇంగ్లీషు ప్రతి చివర నాలుగు వాక్యాలు రాశాడు. రష్యన్ ప్రతి తయారుచేయాల్సింది నేను.

ఆ వారమే ఢిల్లీ నుంచి ఒక అధికారి వచ్చాడు. రష్యన్ సైన్యం మన పొరుగుదేశానికి పొరుగున దిగి ఉన్న రోజులవి. మనవాళ్లు తప్పనీ అనలేరు, ఒప్పనీ అనలేరు. కర్మాగారం విస్తరణకు వాళ్ల సాయం కావాలి, ఆయుధాలూ వాళ్ల దగ్గరే కొనాలి. పాము చావకుండా, కర్ర విరగకుండా నడవాల్సిన కాలం. కాగితం మీద గరుకు ఉండకూడదని ఆయన నాతో హిందీలో అన్నాడు. ఫలానాది తీసెయ్యమని అనలేదు. మాస్కో పంపే దుబాసీల జాబితాలో నా పేరు చూశానని మాత్రం అన్నాడు.

నేను తీసేశాను.

దేశం కోసమా? చాలా ఏళ్లు అలాగే చెప్పుకున్నాను. స్నేహం, పరిశ్రమ, రక్షణ, ఈ మూడింటినీ ఒకదాన్నొకటి తన్నుకోకుండా సర్దడం పెద్దవాళ్ల పని, అందులో నేనూ ఓ చెయ్యి వేశానని. ఆ పని నాకెవరప్పగించారు? మాస్కో వీధుల్లో కోటు వేసుకుని నడుస్తున్నట్టు ఊహించుకుంటూ టైపు చేశాను, అదీ నిజం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారే, ఆ పూజారిని నేనే.

రష్యన్ల నుంచి జవాబు రాలేదు. చూడని దానికి జవాబేం ఇస్తారు? వాళ్లకు ఇష్టం లేదు కాబోలనుకుని మనవాళ్లు అన్నయ్య ప్రయోగం ఆపేశారు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఆయన గోడ దగ్గరికి వచ్చాడు.

"చెల్లీ, నిజం చెప్పీ. నేను రాసింది రష్యన్ కాగితంలో ఎక్కించావా?"

"ఎక్కించాను అన్నయ్యా."

"అయితే ఆడు చూసీ ఊరుకున్నాడన్నమాట."

నేను తీగ మీద చీర సర్దాను.

"సంతకం పెడతానన్నాడు కదమ్మా. పెట్టకపోతే పోనీ. పెట్టలేనని ఓ ముక్క చెప్పడానికేటి? అన్నం తిన్నాడమ్మా మా ఇంట్లో. ఇంక ఆడొస్తే నన్ను పిలవకు."

అవతల ఆంద్రేయ్ తన ప్రతి చూసుకున్నాడు. అందులో స్నేహితుడి మాట లేదు. చివరి క్షణంలో అన్నయ్యే భయపడ్డాడనుకున్నాడు. ఆదివారం వచ్చి తలుపు తడితే అన్నయ్య తీయలేదు. తిరిగి వెళ్తూ మా గేటు దగ్గర ఆగి, అతనెందుకు వెనక్కి తగ్గాడని నన్నడిగాడు. నాకు తెలియదన్నాను. నాకు రెండు భాషలూ బాగా వచ్చు. రెండింట్లోనూ అబద్ధమాడాను.

ఆంద్రేయ్ ఆ ఏడాదే వాళ్ల దేశం వెళ్లిపోయాడు. అన్నయ్యను నందిని గనులకు బదిలీ చేశారు. ఉక్కు మనిషికి సున్నపురాయి లెక్క అప్పగించారు. వెళ్లేటప్పుడు క్యారమ్ బోర్డు మా పిల్లలకిచ్చాడు. నేను వద్దనలేదు, ఏమని వద్దంటాను?

మాస్కోకి ఇంకెవరినో పంపారు. నన్ను మోసం చేశారని వారం రోజులు సరిగా అన్నం తినలేదు. నా సిగ్గులేనితనం చూడండి! ఆ అధికారిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఆయన కాగితం ముట్టుకోలేదు. ముట్టుకున్నవి నా వేళ్లు.

అన్నయ్య పోయాడని ఆలస్యంగా తెలిసింది. వెళ్లి వదినను పలకరించాను. రష్యా పేరెత్తితే చాలు, అన్నం పెట్టిన చేతినే మరిచిపోయే జాతి అనేవాడట అన్నయ్య. వదిన చెబుతుంటే తలూపుతూ విన్నాను. అప్పుడైనా చెప్పవచ్చు కదా? ఇద్దరు మంచివాళ్లు ఒకరినొకరు ద్రోహి అనుకుంటూ బతికారు, మధ్యలో నేను ఇద్దరికీ కావలసినదాన్నయ్యాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాళ్లు మీరు కారు. ఒక పని మాత్రం మిగిలిపోయింది, అది చేసి లేస్తాను. ఆయన రాసింది ఇంగ్లీషులో. నేను ఏ భాషలోకీ మార్చకుండా వదిలేసింది, ఇప్పుడు తెలుగులో, ఇదీ:

"వారి స్నేహం మనకు కావాలి. వారు నేర్పే పనీ కావాలి. కాని సరిహద్దు కాచే ఉక్కును కరిగించడం మనమే నేర్చుకోవాలి. అందుకు ఒక కొలిమి, ఒక ఏడాది ఇవ్వండి."

కింద సూర్యనారాయణ సంతకం. దాని పక్కన ఆయన ఇంకొక సంతకానికి చోటు వదిలాడు.