హాజరు పలకని దీపం

నా చిన్నప్పుడు నాకు రైలు పిచ్చి ఉండేది. చూసి పెంచుకున్న పిచ్చి కాదు, చూడకుండా పెంచుకున్నది. మా పుంగనూరికి రైలు లేదు. బస్సులు, ఎడ్లబండ్లు, పాలక్యాన్లు కట్టుకున్న సైకిళ్ళు, అంతే. ఎనిమిదేళ్ళు వచ్చేదాకా రైలంటే నాకు రెండో తరగతి వాచకంలో సగం చిరిగిపోయిన ఒక బొమ్మ. ఇంజను ఆ చిరిగిపోయిన సగంలో ఉండేది.

మా పెద్దనాయన, అంటే నాన్నకు అన్న, ఊరి బయట ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో జీపు డ్రైవరు. ఇంటిల్లిపాదీ కూలికి పోయే రోజుల్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి ఆయనే. బెంగళూరు నుంచి రైల్లో వచ్చే మందుల పెట్టె కోసం అప్పుడప్పుడు కుప్పం స్టేషనుకు పోయేవాడు. నన్నూ తీసుకుపోతానని మాట ఇచ్చి ఏడాది దాటింది. ఒకసారి బయలుదేరాం కూడా. ఊరు దాటకముందే మీటర్ల పక్కన ఎర్రదీపం వెలిగింది. ఇంజనుకు ఆయిలు అందడం లేదని చెప్పి, జీపును అక్కడే ఆపేసి, నన్ను ఇంటికి నడిపించుకొచ్చాడు. దారంతా ఏడ్చాను. నాకు అర్థమైందల్లా ఒక్కటే, ఎర్రదీపం వెలిగితే రైలు ఉండదు.

రెండోసారి బయలుదేరిన రోజు నా మోకాలికి అంటించిన ప్లాస్టరు పట్టీ ఉంది. ముందురోజు గంతులేసి పడ్డాను. దారిలో పెద్దపంజాణిలో ఒక నర్సమ్మ ఇంట్లో మందుల పొట్లం ఇచ్చి వస్తానని పెద్దనాయన దిగాడు. తాళం జీపుకే ఉంది. నేను ఊరుకుంటానా? డ్రైవరు సీట్లోకి జరిగి, ఆయన తిప్పినట్టే తాళాన్ని ఒక్క మెట్టు తిప్పాను. ఇంజను కదల్లేదు. ఎర్రదీపం మాత్రం భగ్గున వెలిగింది.

తాళం వెనక్కి తిప్పితే ఆరింది, మళ్ళీ తిప్పితే మళ్ళీ వెలిగింది. ఇంకేముంది, జీపుకు రోగం వచ్చేసింది, పెద్దనాయన చూస్తే రైలు లేదు. ఆసుపత్రి జీపు కాబట్టి డ్యాష్‌బోర్డు పగిలిన చోటల్లా ఆయన ఆసుపత్రి ప్లాస్టరే అంటించి పెట్టేవాడు. అప్పటికే నాలుగు పట్టీలున్నాయి. ఐదోది ఎక్కువైతే ఎవరు చూడొచ్చారు? మోకాలి మీది ప్లాస్టరును చుర్రుమనేలా పీకి, దీపం మీద అంటించి, తాళం వెనక్కి తిప్పేసి, నా చోట్లో బుద్ధిగా కూర్చున్నాను.

పెద్దనాయన వచ్చాడు. తాళం తిప్పి, మీటర్ల వైపు చూసి ఆగిపోయాడు. వెనక్కి తిప్పి మళ్ళీ తిప్పాడు. ఆయనకు దగ్గరి చూపు ఆనదు, కళ్ళద్దాలు పెట్టుకోవడం నామోషీ. "దీపం యాల ఎలగలేదు?" అని గొణుక్కుంటూ దిగి బానెట్ ఎత్తాడు.

నాకు మతిపోయింది. దీపం వెలిగితే ఆపే మనిషి వెలగకపోయినా ఆపాడేమిటి? ఆయన వైర్లు లాగి చూశాడు, ఆయిలు కడ్డీ తీసి తుడిచి చూశాడు, మళ్ళీ వైర్ల దగ్గరికి పోయాడు. ఎండ పశ్చిమానికి తిరుగుతోంది. కుప్పానికి రైలు వచ్చే వేళ దగ్గర పడుతోంది. నోరు విప్పితే తంతాడు, విప్పకపోతే రైలు పోతుంది. నేను చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని బిగుసుకుపోయాను.

చివరికి చేతులు తుడుచుకుంటూ నా వైపు వచ్చి నిలబడ్డాడు. నా వేళ్ళ సందుల్లోంచి మోకాలు కనిపించినట్టుంది.

"మే పాపా, ప్లాస్టరు యాడ పోయిందే?"

అంతే, నేను భోరుమన్నాను. ఏడుస్తూనే వేలితో చూపించాను. ఆయన వంగి చూశాడు, పట్టీని గోటితో లేపాడు, ఎర్రగా వెలుగుతున్న దీపాన్ని చూశాడు. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. కళ్ళు తెరిస్తే ఆయన జీపుకు ఆనుకుని, దగ్గొచ్చేదాకా నవ్వుతున్నాడు.

నవ్వడం అయ్యాక నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి తాళం నా చేత్తోనే తిప్పించాడు. దీపం వెలిగింది. తాను చెయ్యి చాపి ఇంజను స్టార్టు చేశాడు. దీపం ఆరింది.

"బళ్ళో అయివారు పేరు పిలిస్తే ఏమంటావు?"

"ఉండాను అయివారా అంటా."

"అని?"

"కూచుంటా."

"ఇదీ అంతే. తాళం తిప్పితే ఉండానని పలకాల, ఇంజను లేసినాక కూచోవాల. కూచోకుండా అట్నే ఎలగతాంటే ఏదో నొప్పి ఉండాదని సెప్తాండాది. అసలు పలకనే లేదనుకో, అప్పుడే నాకు బయం. నొప్పి ఉండాదో లేదో సెప్పేదానికి కూడా ఎవురూ లేరని."

పట్టీని పారేయకుండా మళ్ళీ నా మోకాలికే అంటించాడు. అది సగమే అంటుకుంది.

కుప్పం చేరేసరికి పొద్దు వాలుతోంది. పెద్దనాయన నన్ను చంకనెత్తుకుని ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తాడు. అప్పటికే రైలు కదిలిపోయింది. నాకు దక్కింది దాని వీపు. పోతూ పోతూ చిన్నదైపోతున్న ఒక్క పెట్టె, దాని వెనక ఒక ఎర్రదీపం. పచ్చజెండా పట్టుకున్న స్టేషను మనిషి ఆ దీపం కనిపించినంతసేపూ దాన్నే చూస్తూ కదలకుండా నిలబడ్డాడు. "కడపెట్టె దీపం కనపడితేనే బండి యాడా తెగిపోకుండా అంతా పోయినట్టు లెక్క. సూడు, ఆయప్పకు కూడా దీపమే కావాల" అన్నాడు పెద్దనాయన. ఇంటికొచ్చాక మా తమ్ముడు, రైలుకు ఎన్ని పెట్టెలని అడిగాడు. ఒకటి అన్నాను. ఇప్పటికీ వాడు ఆ మాట పట్టుకుని ఏడిపిస్తాడు.

పెద్దయ్యాక నేను బడిపంతులమ్మనయ్యాను. గోల చేసే పిల్లల గురించి ఎప్పుడూ బెంగపడలేదు. పేరు పిలిస్తే పలకని పిల్ల ఇంటికి మాత్రం సాయంత్రం నడిచి వెళ్ళేదాన్ని.

ఈమధ్య మా కోడలు కారు కొనుక్కోవాలనుకుంది. ఆమె మదనపల్లెలో నర్సు, రోజూ పుంగనూరు నుంచి పోయి రావాలి. పాత కార్లు అమ్మే ఒకాయన దగ్గర ఎర్ర కారు ఆమెకు తెగ నచ్చేసింది. నాకు డ్రైవింగు రాదు గానీ సలహాలివ్వడం బాగా వచ్చు, వెంటబడి వెళ్ళాను. "ఇంజను వద్దప్పా, తాళం ఒకటే తిప్పు" అన్నాను ఆయనతో. బ్యాటరీ దీపం పలికింది, ఆయిలు దీపం పలికింది. పసుప్పచ్చగా ఇంజను బొమ్మ ఉండే దీపం పలకలేదు. చెక్ ఇంజను లైటంటారే, అది.

దాని సంగతి నాకు కొంచెం తెలుసు. మా అబ్బాయి పాత కారులో ఒకసారి అది వెలిగితే మెకానిక్కును కూర్చోబెట్టి అన్నీ అడిగాను. నిలకడగా వెలిగితే కంగారు పడక్కర్లేదట, మెల్లగా నడుపుకుంటూ పోయి చూపించుకోవాలి. టపటపా కొట్టుకుంటే మాత్రం పక్కకు తీసి ఆపేయాలి. ఒక్కోసారి పెట్రోలు మూత సరిగ్గా బిగించకపోయినా వెలుగుతుంది. స్కానరు తగిలిస్తే ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు నొప్పి ఏ వైపున ఉందో చెబుతుంది గానీ ఏ సామాను మార్చాలో చెప్పదు, అది మనిషే వెతుక్కోవాలి అన్నాడు. పెద్దనాయన వింటే ఎంత సంబరపడేవాడో.

"దీపం ఎలగలేదంటే ఇంజను బాగుండాదని కదమ్మా" అన్నాడు అమ్మేవాడు.

"హాజరు పిలిస్తే పలకనోడు బడికి వచ్చినట్టా అప్పా?"

కోడలు మొహం చిన్నబోయింది. అయినా నేను మా మెకానిక్కును పిలిపించాను. స్కానరు పెట్టి చూస్తే ఇంజను తన బాధలన్నీ వరసగా చెప్పుకుంది. ఆ పైన మీటరు విప్పాడు. లోపల ఆ ఒక్క దీపం మీద నల్లటేపు ముక్క, నీటుగా కత్తిరించి అంటించి ఉంది. నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. ఆ పని నేను చేసినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, రైలు చూడాలని చేశాను. ఈ అమ్మేవాడికి యాభై ఉంటాయి.

ఆ కారు వదిలేసి ఇంకోచోట తెల్లది కొన్నాం. రంగు నచ్చలేదని కోడలు నాలుగు రోజులు మూతి ముడుచుకుంది, తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు రోజూ పొద్దున నేను గేటు దగ్గర నిలబడతాను. ఆమె తాళం ఒక్క మెట్టు తిప్పి, మీటరు చూసుకుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి, "అందరూ వచ్చినారు అత్తా" అంటుంది. అప్పుడు గేటు తీస్తాను.