నీటికంటే ఎత్తులో ఉండాల్సిన గొట్టం

దేవునికి స్తోత్రం. నా చేతులకు పని నేర్పినవాడు ఆయనే. ఆ చేతులు చేసింది చూసి కూడా ఇన్నాళ్ళు ఓర్చుకున్నవాడూ ఆయనే. ముందు ఆయనను కీర్తించి, ఆ తర్వాతే నా మాట చెప్పుకుంటాను.

ఆరేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మా పాస్టరు గారికి కూడా చెప్పలేదు. ఇది చదివే మీకు చెబుతున్నాను.

నేను వడ్రంగిని. మా సంఘంలో పెద్దను. గోదావరి పాయ ఒడ్డున ఒక రిసార్టులో స్పా తొట్టె చుట్టూ కొత్త డెక్కు కట్టాను. డెక్కంటే చెక్క అరుగే. గర్వంగానే అంటున్నాను, అలాంటిది ఈ చుట్టుపక్కల లేదు. టేకు పలకలు తొట్టె అంచుతో సమానంగా కలుస్తాయి. ఆరు వర్షాకాలాలు తడిసినా ఒక్క పలక పైకి లేవలేదు.

కట్టేటప్పుడు ఒక గొట్టం అడ్డొచ్చింది. తొట్టెలో బుడగలు రావడానికి మోటారు నుంచి గాలి తెచ్చే గొట్టం. తొట్టె అంచుకంటే జానెడు పైకి లేచి, వంపు తిరిగి కిందికి దిగుతుంది. బిగించినవాడు సత్యానందం, ప్లంబరు, మా సంఘంవాడే.

“అన్నయ్యా, ఆ వంపు ముట్టుకోకు. మోటారు ఆపగానే నీళ్ళు గొట్టంలోకి వెనక్కొస్తాయి. వంపు నీళ్ళకంటే ఎత్తులో ఉంటేనే మోటారు బతుకుద్ది.”

“ఇంత డెక్కు మధ్యలో కొంగ మెడలా నీ గొట్టమేంటయ్యా?”

“దాని మీద ఓ బెంచీ కట్టెయ్యి, కనపడదు. ఆ బెంచీ మీద కూడా ఆదివారం ఓ సాక్ష్యం చెప్పుకుందువుగాని.”

నవ్వాను. కానీ గుచ్చుకుంది. నేను కట్టిన ప్రతి పనినీ ఆదివారం ఆరాధనలో లేచి, దేవుడు నాతో చేయించాడని సాక్ష్యంగా చెప్పుకోవడం నా అలవాటు.

మర్నాడు అతను సామాను కోసం రాజమండ్రి వెళ్ళాడు. నేను వంపు కోసేసి, గొట్టాన్ని పలకల కిందికి తిప్పి అతికించాను. తిరిగొచ్చి అడిగితే, వంపును పలకల కిందే సర్దాను, నీటి మట్టానికి పైనే ఉందన్నాను. సంఘ పెద్ద మాట. నమ్మాడు.

తెలియక చేశానా? రోజూ నా చేతిలో ఉండేది లెవెల్ ట్యూబు. నీళ్ళు నింపిన ఆ సన్నటి గొట్టాన్ని రెండు గుంజల మధ్య పట్టుకుని, రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తుకు వచ్చి నిలిచేదాకా ఆగి గీత గీసే మనిషిని, నీరు తన ఎత్తు వెతుక్కుంటుందని తెలియదని ఎలా అనగలను? తెలిసే కోశాను. ఆ ఆదివారం సాక్ష్యం కూడా చెప్పాను. అందరికంటే ముందు ఆమేన్ అన్నది సత్యానందం.

నెల తిరక్కుండా నీళ్ళు వెళ్ళి మోటారు కాలిపోయింది. గొట్టం అంత కిందికి ఎవరు వేశారని మేనేజరు గారు అడిగారు.

“ప్లంబింగ్ పని నాది కాదండి,” అన్నాను.

ఆ మాటలో అబద్ధం లేదు. అయినా అది అబద్ధసాక్ష్యమే. పక్కనే నిలబడ్డ సత్యానందం నా వైపు చూశాడు. నా పేరు బయటపెట్టలేదు. సంఘ పెద్ద పేరు బయటివాళ్ళ ముందు పోకూడదనుకున్నాడా? అడిగే ధైర్యం నాకు ఈనాటికీ లేదు. అతన్ని పనిలోంచి తీసేశారు. మిగతా రిసార్టులవాళ్ళూ పిలవడం మానేశారు. జంగారెడ్డిగూడెం వెళ్ళిపోయి పామాయిల్ తోటల్లో నీటి గొట్టాలు వేసుకుంటున్నాడు.

తర్వాత పలకలు విప్పి, వంపు మళ్ళీ పైకి లేపి, దాని మీద బెంచీ కట్టింది నేనే. ఇప్పుడు వచ్చినవాళ్ళంతా దాని మీదే కూర్చుని ఫొటోలు దిగుతారు. ఆలోచన ఎవరిదని ఓనరు గారు అడిగితే, నాదేనండి అన్నాను.

ఆ డెక్కు చూస్తే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది. ఆ గర్వాన్ని దేవుడు నా నుంచి తీసెయ్యలేదు. తీసెయ్యమని నేను అడగలేదేమో కూడా. కానీ ఈ రెండు మాటలు మొదటిసారి రాస్తున్నాను: గొట్టం కోసింది నేను. బెంచీ ఆలోచన సత్యానందానిది.

రాశాక ఊపిరి కాస్త లోపలికి వెళ్తోంది. అంతే. క్షమాపణ అడగవలసిన మనిషి జంగారెడ్డిగూడెంలో ఉన్నాడు, ఆ తర్వాత మేనేజరు గారి దగ్గరికీ వెళ్ళాలి. బస్సు ఎక్కేదాకా నా కాళ్ళు వెనక్కి తిరగకూడదని, దయచేసి, మీరూ నాతో కలిసి ప్రార్థించండి. అతని పేరు ముందు చెప్పండి.