అమావాస్యనాడు ఎక్కిన రెండు సీట్ల కారు

నేను జీవితంలో కారు ఒక్కటే కొన్నాను. అందులో ఇద్దరికే చోటు. భార్యా పిల్లలూ ఉన్నవాడు అట్లాంటి బండి ఎందుకు కొన్నాడని మా నాయన అడిగాడు. ప్రశ్న సరైనదే. వకీలు పని చేసుకుంటూనే, ప్రతిదానికీ ‘ఎందుకు’ అని అడగండని ఊరూరా తిరిగి జనానికి చెప్పేవాణ్ణి నేను. ఈ ‘ఎందుకు’కు మాత్రం జవాబులన్నీ కారు కొన్న తర్వాతే వెతుక్కున్నాను.

అసలు అవసరం మా చెల్లెలిది. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు మిర్యాలగూడలో ఆడపిల్లలకు బడి తెరిచారు. చిన్నతనంలోనే భర్త పోయి సూర్యాపేటలో మా ఇంటికి వచ్చేసిన చెల్లెలు, నా అలమరలోని పుస్తకాలన్నీ చదివి, పరీక్ష రాసి, ఆ బడిలో పంతులమ్మ ఉద్యోగం తెచ్చుకుంది. ఫలానా రోజు సాయంత్రం బడి మూసేలోపు వచ్చి చేరాలనీ, రాకపోతే ఆ ఉద్యోగం తర్వాతివారికి ఇస్తామనీ హుకుం వచ్చింది. నాయన పంచాంగం తీశాడు. ఆ రోజు అమావాస్య.

“రెండు దినాలు ఆగి పోతే ఏమైతది బిడ్డా?” అన్నాడు.

“ఉద్యోగం పోతది నాయినా,” అంది చెల్లెలు.

అమావాస్య మీద నేను అప్పటికి చాలా ఉపన్యాసాలు ఇచ్చి ఉన్నాను. ఆకాశంలో చంద్రుడు ఎక్కడ నిలబడ్డాడో చూసుకుని భూమ్మీద మనిషి ఇంట్లో కూర్చోవడమేమిటని అడిగేవాణ్ణి. ఆ ఉపన్యాసం ఇంట్లో మళ్లీ మొదలుపెట్టబోతే చెల్లెలు చెయ్యి అడ్డం పెట్టి, “అన్నా, నాయిన ఒప్పుకున్నడు. నువ్వు మాట్లాడితే మళ్ల మొదటికొస్తది,” అంది. నాయన ఒప్పుకున్నది ఒక్క షరతు మీద: దారిలో ఏ అడ్డంకి వచ్చినా వెనక్కి తిరిగి రావాలి, ఇక ఉద్యోగం మాట ఎత్తకూడదు.

అడ్డంకి మొదటే ఉంది. సూర్యాపేట నుంచి కోదాడ దాకా బస్సు తిరుగుతోంది గాని, కోదాడ నుంచి గరిడేపల్లి మీదుగా మిర్యాలగూడ పోయే బస్సు ఆగిపోయింది. గొడవల కాలంలో ఆ దారిలో పగలగొట్టిన కల్వర్టులు ఇంకా కట్టలేదు. పెద్ద బండి పోలేదు, చిన్న బండి పొలంలోకి దిగి ఎక్కగలదు. కోదాడలో ఒక రైసుమిల్లు యజమాని దగ్గర చిన్న బండి అమ్మకానికి ఉందని విని బయలుదేరాను. నేనూ వస్తానని చెల్లెలు చెప్పులు వేసుకుంది.

“నువ్వొక్కడివే పోతే గుర్రబ్బండి కొనుక్కొస్తవ్,” అంది.

మిల్లు వెనక రేకుల కొట్టంలో, ఊక బస్తాల మధ్య ఉంది కారు. నేలకు ఆనుకున్నట్టు తక్కువ ఎత్తు. పొడుగాటి ముక్కు. తలుపులు మోకాళ్లకు కాస్త పైదాకా. పై కప్పు లేదు. దగ్గరి ఊరి దొరగారి కొడుకు పందేలకని కొన్నాడట, గడీకి తాళం వేసి వాళ్లు హైదరాబాదు పోయినప్పుడు ఇక్కడ వదిలేశాడట. రైతుల చెమటతో కొన్న బండి ఇది అని నాలో ఉన్న సంస్కర్త అన్నాడు. ఒకసారి కూర్చుని చూడు అని ఇంకొకడు అన్నాడు. కూర్చున్నాను. చదువుకునే రోజుల్లో హైదరాబాదులో మిత్రుడి కారు మీద డ్రైవింగు నేర్చుకున్న చేతులు వాటంతటవే చక్రం మీదికి పోయాయి. ఇక బేరమంతా నా మొహంలోనే తెలిసిపోయిందని చెల్లెలు తర్వాత చెప్పింది.

“నడుస్తదా?” అని చెల్లెలు మిల్లు యజమానిని అడిగింది.

“నడుసుడేందమ్మా, ఉరుకుతది. జర రిపేరు చేపిస్త. ఏం రంగు కావాల్నో, ఏమేం పెట్టాల్నో మా మిస్త్రీకి చెప్పుండ్రి.”

మిస్త్రీ కృష్ణానది అవతలివాడు. పెద్ద యుద్ధంలో పటాలం లారీలు బాగుచేసి వచ్చి కోదాడలో షెడ్డు పెట్టుకున్నాడు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని మా ముందు నిలబడి, “చెప్పండి బాబుగారూ, బండి మీది. ఎట్టా కావాలంటే అట్టా,” అన్నాడు. అట్లాంటి మాట నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. ఇల్లు నాయన కట్టిన తీరుగా ఉంది, పెళ్లి అత్తవారు చేసిన తీరుగా జరిగింది. నాకు కావలసినట్టు చేయించుకునే వస్తువు నా జన్మలో ఇదే మొదటిది. నిలువునా పొంగిపోయాను.

ఎరుపు రంగు వేయమన్నాను.

మిల్లు యజమాని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “వకీలుసాబ్, ఈ జిల్లాల ఇప్పుడు ఎర్రకారు నడుపుతరా? ప్రతి మిలిటరీ క్యాంపు కాడ ఆపి సీట్ల కింద తుపాకులు దేవులాడుతరు.”

నలుపు వేయించి అపశకునం అనే మాటను ఎదిరిద్దామనుకున్నాను. జూన్ ఎండలో నల్లరేకు మీద చెయ్యి పెట్టి చూడమంది చెల్లెలు. చివరికి మిల్లు తలుపులకు వేయగా మిగిలిన చిలకపచ్చ రంగు ఖాయమైంది. హారను దగ్గర నాదే పైచేయి. బ్యాటరీతో మోగేది వద్దు, నొక్కితే బాతులా అరిచే రబ్బరు బుడ్డి హారను పెట్టమన్నాను. మిరుగు వానలు దగ్గర పడుతున్నాయి, గుడ్డ టాపు ఉండాలని చెల్లెలు పట్టుబట్టింది. పరుగు పందాల కారుకు టాపు వేస్తే అందం పోతుందన్నాను.

“పందెం ఎవలతోని? గరిడేపల్లి బర్లతోనా?” అంది.

టాపు వచ్చింది. దాని వెనక ఆమె రేకుపెట్టె కట్టుకోవడానికి ఇనుపచట్రం కూడా వచ్చింది. మిస్త్రీ తన వంతుగా చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు, దిష్టి తియ్యడానికి గుమ్మడికాయ తెస్తానని, వెనకరేకు మీద ఒక దేవుడి పేరు రాస్తానని అన్నాడు. అన్నీ వద్దన్నాను. ముక్కు చివర, నీళ్లు పోసేచోట, గద పట్టిన ఇత్తడి ఆంజనేయుడు అప్పటికే నిలబడి ఉన్నాడు. అది కూడా తీసెయ్యమన్నాను. మిస్త్రీ పెన్సిలుతో ఏదో రాసుకున్నట్టు కనిపించాడు.

అమావాస్య నాటి పొద్దున చెల్లెలు, నేను, రేకుపెట్టె కోదాడలో బస్సు దిగాం. చిలకపచ్చ కారు షెడ్డు ముందు తళతళలాడుతోంది. ముక్కు మీద ఆంజనేయుడు అట్లాగే ఉన్నాడు.

“తియ్యమన్నాను గదా,” అన్నాను.

“మర్చిపోయానండి,” అన్నాడు మిస్త్రీ, మర్చిపోయినవాడి మొహం ఏమీ లేకుండా. “ఇప్పుడు తీద్దామంటే ఇవాళ అమావాస్య. మేం పనిముట్టు ముట్టమండి.”

నిజమే. వడ్రంగి, కమ్మరి, తాపీమేస్త్రీ ఎవరూ ఆ రోజు పని చేయరు. షెడ్డులో పానాలు, సుత్తులు కడిగి, పసుపూ కుంకుమా పెట్టి గుడ్డ మీద వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. నేను ఆ ఆచారాన్ని చాలాకాలం తిట్టాను. ఆ పొద్దున మాత్రం, కాళ్లు చాపుకుని కూర్చుని మధ్యాహ్నం కోడికూర గురించి మాట్లాడుకుంటున్న ఆ పనివాళ్లను చూస్తే వేరే సంగతి తోచింది. ఏ యజమానీ ఇవ్వని సెలవును వీళ్లు చంద్రుడి పేరు చెప్పి తీసుకున్నారు. నెలకొకసారి ఆకాశం సంతకం పెట్టిన సెలవు చీటీ అది. దాన్ని రద్దు చెయ్యమనే హేతువాదం నాకు అక్కర్లేదు. అందరికీ ప్రతివారం ఇమ్మని అడిగే హేతువాదం కావాలి.

అంత దూరం ఆలోచించినవాణ్ణి, దగ్గరి సంగతి ఆలోచించలేదు. “మీరు ముట్టకపోతే నేను ముట్టుకుంటాను,” అని పానా తీసుకుని ఆంజనేయుణ్ణి తిప్పడం మొదలుపెట్టాను. పనివాళ్లంతా లేచి నిలబడ్డారు. పానా పట్టుకోవడం తెలియదని నవ్వారు గాని, ఎవరూ చెయ్యి కలపలేదు. స్వామి ఊడి వచ్చాడు. ఆయన పాదాలకు అతికించి ఉన్న, మరలు చుట్టిన నీళ్ల మూత కూడా ఆయనతోనే వచ్చింది. తెరుచుకున్న నీళ్ల రంధ్రానికి నూనెడబ్బా రేకుమూత ఒకటి దొరికితే నొక్కి పెట్టాను.

“ఇది మీరే ఉంచుకోండి,” అని బొమ్మను మిస్త్రీకి ఇవ్వబోయాను.

“బండికి పెట్టిన స్వామిని వెనక్కి తీసుకోనండి,” అన్నాడు.

కింద పెడదామంటే కాళ్లు తగులుతాయని అందరూ ఒక్క గొంతుతో అరిచారు. చెల్లెలు బొమ్మను తీసుకుని తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

కారు నిజంగానే ఉరికింది. హుజూర్‌నగర్ దాటేదాకా నేను ఉపన్యాసం ఇవ్వకుండా చేసిన ప్రయాణం అదే. కల్వర్టులు లేనిచోట పొలంలోకి దిగాం, ఎక్కాం; ఒక్కొక్క చోట గంట పట్టింది. చెల్లెలి కొంగు జెండాలా ఎగిరింది. ఆమె రోడ్డంతా చూస్తూ హారను తానే నొక్కింది. ఎదురొచ్చినవాళ్లు కొందరు ఆమె బోసి మెడ చూసి మొహం తిప్పుకున్నారు. అట్లాంటివాళ్ల దగ్గర రెండుసార్లు నొక్కింది.

గరిడేపల్లి దగ్గరికి వచ్చేసరికి ముక్కులోంచి ఆవిరి లేచింది. దిగి చూస్తే రేకుమూత లేదు. గతుకుల్లో ఎక్కడో ఎగిరిపోయింది. నీళ్లు చాలావరకు ఒలికిపోయాయి, మిగిలినవి మరుగుతున్నాయి. పొద్దు పడమటికి వాలింది. గొర్రెలు తోలుకుపోతున్న పెద్దమనిషి ఒకాయన ఆగాడు. అమాస అని అరక కట్టకుండా మడిలో ఎడ్లను మేపుకుంటున్నవాళ్లు గట్టెక్కారు. కుంటలోంచి బిందెతో నీళ్లు తెస్తున్న ఒకామె అడగకుండానే మా దగ్గరికి వచ్చి నిలబడింది. బండి చల్లారాక నీళ్లు పోశాం. మూత లేకుండా బయలుదేరితే మళ్లీ అదే గతి. గుడ్డ కుక్కి చూశాను, ఆవిరి దాన్ని నెట్టేసింది.

“కమ్మరాయన ఉన్నడు గని ఇయ్యాల కొలిమి ముట్టియ్యడు, అమాస,” అన్నాడు గొర్రెల పెద్దమనిషి. తర్వాత నన్ను తేరిపార చూశాడు. “మొన్న మా ఊళ్లె మీటింగు పెట్టింది నువ్వే గద సారూ? రాళ్లకు, ఇత్తడికి మొక్కొద్దంటివి.”

నేనే. అందరూ గుర్తుపట్టారు. ఒకాయన తన పక్కవాడికి నా ఉపన్యాసం చేతులు ఊపి మరీ చూపించాడు. బాగానే చూపించాడు.

చెల్లెలు కారు దిగకుండానే తువ్వాల విప్పి బొమ్మను నా చేతికి ఇచ్చింది.

“తిప్పు,” అంది.

“ఇంతమంది ముందరనా?” అన్నాను నెమ్మదిగా. “మొన్ననే గదా వీళ్లకు చెప్పింది. రేపటి నుంచి నా మాట ఎవడు వింటాడు?”

“అన్నా, నీకు గిది దేవుని లెక్క కనబడుతుంది. నాకు మూత లెక్కనే కనబడుతుంది. ఇప్పుడు మనిద్దర్ల దేవుణ్ణి నమ్మేటోళ్లు ఎవలు?”

గట్టు మీద నవ్వు మొదలై మడి దాకా పోయింది. నేను చాలామంది పండితులతో వాదించాను. ఎవరూ నన్ను ఇంత తక్కువ మాటల్లో ఓడించలేదు. ఆంజనేయుణ్ణి రంధ్రం మీద పెట్టి, మరలు పట్టేదాకా తిప్పి బిగించాను. ఒక్క చుక్క బయటికి రాలేదు. బిందె తెచ్చినామె మిగిలిన నీళ్లు స్వామి నెత్తిన పోసి దండం పెట్టింది. ఇందాక మొహం తిప్పుకున్నవాళ్లలాంటి వాళ్లే ఆ గుంపులోనూ ఉండే ఉంటారు. ఇప్పుడు బండి తొయ్యడానికి వాళ్లే భుజం పెట్టారు. పక్క సీట్లో కూర్చున్న మనిషి ఎవరన్నది ఎవరూ అడగలేదు.

“పో బిడ్డా, పొద్దుగూకుతది,” అన్నాడు గొర్రెల పెద్దమనిషి, చెల్లెలితో.

మిర్యాలగూడలో బడి అద్దె ఇంట్లో పెట్టారు. మేం పోయేసరికి గుమస్తా తలుపు గొళ్లెం పెడుతున్నాడు. మా దుమ్మునూ, కారునూ, ముక్కు మీది స్వామినీ వరసగా చూసి, స్వామికి దండం పెట్టి, గొళ్లెం తీశాడు. మంచి మనిషి. కుర్చీ తుడిచి చెల్లెల్ని కూర్చోబెట్టాడు. కలం సిరాలో ముంచి ఆగిపోయాడు.

“అమ్మా, ఇయ్యాల అమాస. కొత్త కొలువు అమాసనాడు ఎక్కినట్టు రాస్తే ఏం బాగుంటది? ఎల్లుండి విదియ. ఎల్లుండి తారీఖు ఏస్త. పైవాళ్లకు నేను జెప్పుకుంట.”

నేను గొంతు సవరించుకున్నాను. చంద్రుడి సంగతి నాలిక చివరి దాకా వచ్చింది.

“అన్నా, నువ్వు పోయి పెట్టె దించు,” అంది చెల్లెలు నావైపు చూడకుండానే. తర్వాత గుమస్తాతో, “ఎల్లుండి ఏస్తే ఇయ్యాల నేను రానట్టే గదండీ. వచ్చిన. ఇయ్యాల్టిదే వెయ్యండి,” అంది.

“నీ మంచికే జెప్తున్ననమ్మా.”

“తెలుసండీ. అయినా ఇయ్యాల్టిదే.”

గుమస్తా కలం మళ్లీ సిరాలో ముంచాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆయన నిట్టూర్చి అమావాస్య తారీఖే వేశాడు. చెల్లెలు కాగితం తన వైపు తిప్పుకుని, వేసింది సరిగా ఉందో లేదో ఒకసారి చదువుకుని, కింద పూర్తి పేరు రాసింది. అప్పుడు లేచి, పిల్లలు కూర్చునే గదులు ఎటువైపు అని అడిగింది. నేను పెట్టె దించడానికి పోయాను.