చెయ్యి ఊపిన ఫొటో

సువైలిం దగ్గర తన తమ్ముడి ఆఖరి ఫొటో ఉందని ఎర్రసముద్రం పక్కన మా దహబ్ ఒడ్డున అందరికీ తెలుసు. ఎవరో నోరాగక తల్లికి కూడా చెప్పేశారు. అప్పటినుంచి ఆ తల్లి ఉమ్మ్ సువైలిం రోజూ పొద్దున్నే నల్ల ముసుగు కప్పుకుని వచ్చి నా టీ పందిరి కింద కూర్చునేది. ఆ ఫొటో చేతిలో పెట్టేదాకా కదలనని పట్టు. సువైలిం ఇవ్వలేడు, ఇవ్వనని చెప్పనూ లేడు. మింగలేక కక్కలేక, అంత మనిషీ నా కళ్ళముందే చిక్కి సగమయ్యాడు.

వాడిది వింత బతుకుతెరువు. వీపున గాలి సీసా కట్టుకుని సముద్రంలో మునిగి వచ్చేవాళ్ళకి ఒడ్డునుంచే ఫొటోలు తీస్తాడు. నీళ్ళలోకి తీసుకెళ్ళే కెమెరా కొనే స్తోమత ఎన్నడూ లేదు. పెళ్ళికి వెళ్ళి గుమ్మంలో చెప్పులు ఫొటో తీసే రకమని గైడ్లు ఏడిపించేవారు. వాడు చలించేవాడు కాదు.

"నీటి కింద ఎవడి మొహమైనా ఒకటేరా. ఓ గాజు, ఓ గొట్టం. పైకి తేలి మొదటి గాలి పీల్చినప్పుడు చూడు, అప్పుడుంటుంది మనిషి మొహం," అనేవాడు.

నిజమే మరి. నీటి మీద బుడగలు చూసి ఎవరు ఎక్కడ తేలతారో ముందే పసిగట్టేవాడు. రాళ్ళ మీద మోకాళ్ళూని కాచుకునేవాడు. తల కనబడగానే ఒక కేక: "ఇటు చూడండి, చెయ్యి ఊపండి." వాళ్ళు ఊపేవారు. నా పందిరి కింద టీ తాగేవాళ్ళు కూడా తిరిగి ఊపేవారు. అది మా ఒడ్డుకి అలవాటైపోయింది.

తమ్ముడు ముసల్లంకి అది కంటగింపు. వాడు జనాన్ని నీటి కిందికి తీసుకెళ్ళే గైడు. నీటి మీదికి తేలాక బాగానే ఉన్నానని చెప్పాలంటే పిడికిలి నెత్తిన పెట్టుకోవాలి. చెయ్యి ఊపితే మునిగిపోతున్నాను, వచ్చి కాపాడమని. వాళ్ళ విద్యలో అది మొదటి పాఠం.

"అన్నా, జనానికి చావు సైగ నేర్పుతున్నావు," అని నా ముందే గొడవపడ్డాడు.

"నెత్తిన పిడికిలి పెట్టుకుంటే తలనొప్పి వచ్చినవాడిలా ఉంటాడ్రా. ఆ ఫొటో ఎవడు కొంటాడు? నువ్వొక్కసారి ఊపు. అమ్మ గోడకి పెట్టుకుంటుంది."

"చచ్చినా ఊపను."

ఇద్దరూ ఇద్దరే. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అన్న తీసిన ప్రతి ఫొటోలోనూ ముసల్లం నెత్తిన పిడికిలితో చిరచిరలాడుతూనే ఉంటాడు.

ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. ముసల్లం తనతో దిగినవాళ్ళని ఒడ్డుకి చేర్చి, వాళ్ళలో ఒకతను జారవిడిచిన టార్చిలైటు కోసం మళ్ళీ ఒంటరిగా దిగాడు. ఒంటరిగా దిగొద్దని ఊరందరికీ చెప్పేది వాడే. చాలాసేపటికి పగడపు గట్టు అవతల తేలాడు. తేలి, చెయ్యెత్తి ఊపాడు.

సువైలిం మొహం వెలిగిపోయింది. "చూశావా అతియ్యా, లొంగాడు మావాడు," అని నాతో అంటూనే కెమెరా నొక్కాడు. జనం నవ్వుతూ చేతులు ఊపారు. ముసల్లం ఇంకా గట్టిగా ఊపాడు. జనమూ ఇంకా గట్టిగా ఊపారు. రెండో ఫొటోకి సువైలిం కన్ను ఆనించేసరికి అక్కడ ఉత్త నీళ్ళున్నాయి.

"వాడు ఊపడు," అన్నాడు. "అతియ్యా, వాడు ఊపడు కదా."

కెమెరా రాళ్ళ మీద పారేసి నీళ్ళలో పడ్డాడు. పడవలు వెళ్ళాయి. ముసల్లంని తెచ్చి గులకరాళ్ళ మీద పడుకోబెట్టారు. డాక్టరు వచ్చి చేతులు పట్టుకుని ఆపేదాకా సువైలిం తమ్ముడి రొమ్ము నొక్కుతూనే ఉన్నాడు. కెమెరా పగిలింది. ఫొటో మాత్రం చెడలేదు. చెడినా బాగుండేది.

ఆఖరికి తల్లి ఒకరోజు కొడుకు చొక్కా పట్టుకుంది.

"అన్ని ఫొటోల్లోనూ నా మీద అలిగినట్టే ఉంటాడు. ఆ ఒక్కదాంట్లో చెయ్యి ఊపాడటగా. ఎవర్ని చూసిరా, నిన్నా?"

"నన్నే అమ్మా."

"నవ్వుతున్నాడా?"

సువైలిం నా వంక చూశాడు. నేను టీ గిన్నె వంక చూశాను. ఏం చెప్పమంటాను? నిజం చెబితే తల్లి చస్తుంది, చెప్పకపోతే వాడు చస్తాడు.

"దూరంనుంచి తీశానమ్మా. మొహం సరిగా తెలీదు."

"కన్నదాన్ని. నాకు తెలుస్తుంది, ఇవ్వు."

జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని ఎండలోకి తిప్పి, కళ్ళ దగ్గరగా పెట్టుకుని, చాలాసేపు చూసింది.

"నవ్వుతున్నాడు," అంది.

ఇప్పుడది వాళ్ళ గోడ మీద ఉంది. రోజూ పొద్దున రొట్టె కాల్చడానికి కూర్చునేముందు ఆమె దానికి చెయ్యి ఊపుతుంది. పనికి బయలుదేరే సువైలింని గుమ్మంలో ఆపి, "తమ్ముడు పిలుస్తుంటే అలా పోతావేరా, నువ్వూ ఊపు," అంటుంది. వాడు వెనక్కి తిరిగి ఊపుతాడు.